రెండు పంక్తుల చీటీ గారికి

మ్యూజియంలో గాజు పెట్టె పక్కన కొలువుదీరిన చీటీ గారికి నమస్కారములు.

మొన్న తమరి దర్శనభాగ్యం కలిగింది. తమరు కాపలా కాస్తున్న పింగాణీ పళ్ళెం రెండు చేతులా ఎత్తవలసినంత పెద్దది. తెల్లని నేల మీద నీలి రంగుతో మూడు ద్రాక్ష గుత్తులు, వాటి చుట్టూ పూల తీగ, అంచున ఎగసిపడే కెరటాలు. అంతటి వస్తువును తమరు "పళ్ళెం. చైనా. మింగ్ వంశం, 15వ శతాబ్దం తొలి పాదం" అని రెండు పంక్తులలో ముగించారు. అందులో అబద్ధం లేదు, ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాను. కొండను అద్దంలో చూపించేవారిని ఎరుగుదును గాని, కొండ ఏదని అడిగినవారికి అద్దం చట్రం కొలతలు చెప్పి పంపేవారిని తమరినే చూశాను.

తమరు చైనా అన్నారు కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. మట్టి నిస్సందేహంగా అక్కడిదే; పింగాణీకి పేరుపడ్డ జింగ్‌దెజెన్ ఊరి బట్టీలలో కాలిన ఆ తెలుపుకు ఆనాడు లోకంలో సాటి లేదు. అయితే చిన్న గిన్నెలలో వడ్డించుకుని పుల్లలతో తినే ఇంట ఇంత పళ్ళెం ఎవరికి కావాలి? నలుగురైదుగురు చుట్టూ కూర్చుని ఒకే పళ్ళెంలో చేయి పెట్టే పశ్చిమాసియా దస్తర్‌ఖాన్‌కు, అంటే నేల మీద పరిచే భోజనపు గుడ్డకు, సరిపోయే కొలత అది. పైగా 1388లో త్సావో జావ్ అనే చైనా రసజ్ఞుడు పురాతన వస్తువుల మంచిచెడ్డలు వివరిస్తూ, ఈ నీలం-తెలుపు సామాను మరీ మోటుగా ఉందని తీసిపారేశాడు. పుట్టింటివారే ముఖం చిట్లించిన పిల్లను పుట్టింటి పేరుతో మాత్రమే పిలవడం ఏ మర్యాదో తమరే సెలవివ్వాలి.

ఇక ఆ నీలం సంగతి. ఇరాన్‌లోని కాషాన్ నగరపు కుమ్మరి వంశంలో పుట్టిన అబుల్ ఖాసిం 1301లో తమ కులవిద్య గురించి పర్షియన్‌లో రాస్తూ, నీలానికి మూలమైన కోబాల్ట్ రాయి కాషాన్ చుట్టుపక్కల కొండలలోని ఖంసర్ గ్రామంలో దొరుకుతుందనీ, దానిని పనివారు 'సులేమానీ' అంటారనీ, సులేమాన్ ప్రవక్తే కనిపెట్టాడని ఆ ఊరివారు చెప్పుకుంటారనీ రాశాడు. ఇరాన్ కోబాల్ట్ తూర్పుకు ప్రయాణమై జింగ్‌దెజెన్ కుంచెలకు ఎక్కింది. మింగ్ కాలపు చైనావారు దిగుమతి నీలాన్ని 'హుయ్‌హుయ్ చింగ్', అంటే ముస్లింల నీలం, అని పిలిచారు. తమ రంగు ఎవరి ఊరిదో పేరులోనే చెప్పుకోవడానికి వారు సిగ్గుపడలేదు. తమరికి మాత్రం చోటు చాలలేదు; అడుగున మూడు చుక్కలతో కూడిన తొమ్మిది అంకెల వస్తు సంఖ్యకు చాలింది.

అసలు ఎవరిని చూసి ఎవరు చేశారన్న ప్రశ్న వేస్తే తమరు మరింత ఇరుకున పడతారు. తూర్పు ఇరాన్ వైపున్న ఖురాసాన్ పాలకుడు బాగ్దాదు ఖలీఫా హారూన్ అల్ రషీద్‌కు పంపిన కానుకలలో, ఆ దర్బారు అంతకుముందు ఎన్నడూ చూడనంత మేలైన చైనా పింగాణీ పాత్రలు 20 ఉన్నాయని చరిత్రకారుడు బైహకీ రాశాడు. అటువంటి తెలుపు మీద మోజు పడిన 9వ శతాబ్దపు ఇరాక్‌లోని బస్రా కుమ్మరుల దగ్గర తెల్లమట్టి లేదు. ఉన్న మట్టితోనే పాత్ర చేసి, తగరం కలిపిన గాజు పూతతో దాని రంగును కప్పేశారు. ఇది నకలే, అందులో సందేహం లేదు. కానీ అంత తెల్లని నేల చేతికి వచ్చాక దానిని ఖాళీగా వదిలే ఓర్పు వారికి లేకపోయింది. కోబాల్ట్‌తో ఆకులు గీశారు, అరబిక్ అక్షరాలు రాశారు. నకలు చేయబోయి చైనావారు పంపనిదాన్ని చేసి కూర్చున్నారు.

ఆ వార్త చైనాకు చేరడానికి ఆలస్యం కాలేదు. ఇండోనేషియాలోని బెలితుంగ్ దీవి దగ్గర 1998లో ఒక మునిగిన ఓడ బయటపడింది. ఇనుప మేకు లేకుండా పలకలను తాళ్లతో కుట్టిన, అరబ్బుల పద్ధతి ఓడ అది. దాని కడుపులో సుమారు 60,000 చైనా పాత్రలు ఉన్నాయి. ఒక గిన్నె మీద 826వ సంవత్సరానికి సరిపోయే తేదీ ఉంది. అన్ని వేల పాత్రల నడుమ మూడే మూడు నీలం-తెలుపు పళ్ళేలు దొరికాయి. వాటి మీద ఉన్నది పశ్చిమాసియా పాత్రల మీద కనిపించే, ఆకులు అల్లిన వజ్రాకారపు గుర్తు. అంటే బస్రా చైనాను అనుకరిస్తున్న కాలంలోనే, చైనా కుమ్మరి బస్రా బేరగాడి ముచ్చటను పళ్ళెం మీదికి దించుతున్నాడు. ఇటువంటి చోట 'మూలం' అన్న గడిని తమరు ఎలా పూరిస్తారో చూడాలని నాకు చాలా కుతూహలంగా ఉంది.

మంగోలుల గురించి ఎక్కువ అడిగి తమరిని ఇబ్బంది పెట్టను. ఇరాన్‌ను ఏలిన మంగోలు రాజు అబాఖా ఖాన్ 1270లలో అక్కడి తఖ్తే సులేమాన్‌లో కట్టించిన వేసవి మహలు గోడ పలకల మీద చైనా డ్రాగన్ ఉంది, దాని సరసనే చైనా ఫీనిక్స్ తోకను అరువు తెచ్చుకున్న పర్షియన్ సీముర్గ్ పక్షీ ఉంది. తరువాత 1419లో హెరాత్ (నేటి అఫ్ఘానిస్తాన్) నుంచి తైమూరు కొడుకు, సుల్తాను షారుఖ్ చైనాకు పంపిన రాయబారులతో గియాసుద్దీన్ అనే చిత్రకారుడు బయలుదేరి, బీజింగ్ చేరి, చూసినదంతా దినచర్యగా రాసుకుని 1422లో ఇల్లు చేరాడు. తమరి పళ్ళెం బట్టీలో కాలిన కాలం కూడా దాదాపు అదే. ఆయన మూడేళ్లు తిరిగి చూసివచ్చిన దారిని తమరు 'చైనా' తరువాత పెట్టిన ఒక్క చుక్క మూసేసింది.

జెంగ్‌దే చక్రవర్తి (1506–1521) కాలంలో జింగ్‌దెజెన్‌లోనే చేసిన ఒక కలం పీట ఉంది. చైనా పండితుడి బల్ల మీద కుంచె ఆనించే, కొండ శిఖరాల ఆకారపు పీట. దాని మీద పర్షియన్‌లో 'ఖామ' (కలం) అనీ, 'దాన్' అనీ రాసి ఉంది. పాన్‌దాన్, అత్తర్‌దాన్ ఎరిగిన మా హైదరాబాదువారికి ఆ రెండో మాట విడమరచి చెప్పనక్కరలేదు. ఆ పీటకు కూడా 'చైనా' అని రాసే తమరి బంధువు ఎక్కడో ఉండే ఉంటారు.

చోటు చాలదన్న సాకును నేను నమ్మలేకపోవడానికి మరొక కారణం ఉంది. ఇరాన్ రాజు షా అబ్బాస్ 1611లో తన దేశంలోని అర్దబీల్ దర్గాకు వెయ్యికి పైగా చైనా పింగాణీ పాత్రలు సమర్పించాడు. వాటి మీద చెక్కించిన ముద్ర తమరిలో పావు వంతు కూడా ఉండదు. అయినా ఇచ్చినవాడెవరో, ఎవరి గడపకు ఇచ్చాడో అది చెబుతుంది.

చివరిగా ఒక విన్నపం. తమరి పై అంతస్తులో 'ఇస్లామిక్ కళ' గదిలో మరొక పళ్ళెం ఉంది. తమరి పళ్ళెం వంటివాటిని ముందు పెట్టుకుని టర్కీలోని ఇజ్నిక్ ఊరి కుమ్మరులు చేసినది: అవే మూడు ద్రాక్ష గుత్తులు, అదే పూల తీగ. అంచున ఉన్న చైనా కెరటాలు మాత్రం వారి చేతిలో గొర్రెపొట్టేలు కొమ్ముల్లా చుట్టలు తిరిగిపోయాయి. దాని పక్కన తమరి తోబుట్టువు "పళ్ళెం. టర్కీ. 16వ శతాబ్దం" అని నిబ్బరంగా నిలబడి ఉన్నారు. రాత్రి దీపాలు ఆర్పి కాపలావారు తలుపులు వేసుకున్నాక ఒకసారి పైకి వెళ్లి ఆ పళ్ళెం అంచు చూసి రండి. మెట్లు తమరికి కుడివైపున, పుస్తకాల దుకాణం పక్కనే ఉన్నాయి.

ఇట్లు,
తమరిని మూడు క్షణాలలో చదివి, పళ్ళెం ముందు గంటసేపు నిలబడిపోయిన సందర్శకుడు