డ్రాగ్ బిగిస్తే చేప చిక్కదు: బాస్ వేట ‘ఆరు సూత్రాల’కు ఖండన

డాలస్ చుట్టుపక్కల తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో, బాస్ అనే మంచినీటి చేపను గాలంతో పట్టడం గురించి “బాస్ వేటకు ఆరు సూత్రాలు” అనే సందేశం కొంతకాలంగా తిరుగుతూనే ఉంది. టెక్సస్‌లోని లేక్ ఫోర్క్ సరస్సుకు కొత్తగా గాలం పట్టుకుని వెళ్లేవారికి అది పాఠ్యపుస్తకమైపోయింది. అందులో ఉన్నది ఇదీ: లైన్ (గాలపు దారం) ఎప్పుడూ ఫ్లోరోకార్బన్ అనే ప్లాస్టిక్ రకమే వాడండి, అది నీళ్లలో కనిపించదు, సాగదు. రాడ్ (గాలపు కర్ర) ‘హెవీ’ ఒక్కటి కొంటే అన్నిటికీ సరిపోతుంది. రీల్‌లో (లైన్ చుట్టే యంత్రంలో) బేరింగులు, గేర్ రేషియో (హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే లైన్ చుట్టుకునే స్పూల్ ఎన్ని చుట్లు తిరుగుతుందో) ఎంత ఎక్కువైతే అంత బలం. డ్రాగ్ (చేప గట్టిగా లాగితే లైన్‌ను వదిలే రీల్ బ్రేకు) పూర్తిగా బిగించండి. ఇంటికి రాగానే రీల్‌ను పైపుతో కడిగి డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టండి. ఎరలన్నీ ఒకే పెట్టెలో సర్దుకోండి.

దీన్ని నమ్మి కొత్తవాళ్లు వందల డాలర్లు పోస్తున్నారు. చేప తెంపుకుని పోతే తమకు చేతకాలేదనుకుని మానేస్తున్నారు. ఊరుకోలేక రాస్తున్నది అందుకే. బాస్ సామగ్రిలో విడిగా మంచి వస్తువు, చెడ్డ వస్తువు అంటూ ఉండవు. రాడ్, రీల్, లైన్, ముల్లు (గాలపు కొక్కెం), ఎర ఒకదానితో ఒకటి పొసగాలి. ఈ ఆరు సూత్రాల్లో ఆ పొందిక మాటే లేదు.

మొదటిది లైన్. ఎక్కువ చేపలు పోయేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి. నీటి వక్రీభవన గుణకం 1.33, ఫ్లోరోకార్బన్‌ది సుమారు 1.42, నైలాన్‌ది 1.5కు పైన. కాంతిని వంచే ఈ గుణం నీటిదానికి ఎంత దగ్గరైతే లైన్ అంత తక్కువగా కనిపిస్తుంది. అంటే ఫ్లోరోకార్బన్ నైలాన్ కంటే తక్కువగా కనిపిస్తుంది, అంతే. మాయమవదు. నీరు మసకగా ఉన్న చోట ఈ తేడాకు విలువ ఇంకా తక్కువ.

“సాగదు” అన్న మాట మరీ తప్పు. గట్టిగా లాగితే ఫ్లోరోకార్బన్ కూడా నైలాన్‌కు దగ్గరగానే సాగుతుంది. కొద్దిపాటి లాగుడుకు మాత్రం అంత తేలిగ్గా సాగదు. అందుకే ఎరను చేప మెల్లగా తాకినా చేతికి తెలుస్తుంది. కానీ ఒకసారి అతిగా సాగితే మళ్లీ పూర్తిగా మునుపటి స్థితికి రాదు. నీట మునిగిన మోడుకు తగులుకున్న ఎరను గుంజి గుంజి విడిపించుకుని, అదే లైన్‌తో మళ్లీ విసిరేవారు చాలామంది. తరువాత పడిన పెద్ద చేప దగ్గర అది పుటుక్కున తెగుతుంది. అలా గుంజాక చివరి బారెడు కత్తిరించి కొత్త ముడి వేసుకోవాలి. బిగించే ముందు ముడిని తడపాలి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి ఫ్లోరోకార్బన్ అక్కడికక్కడే బలహీనపడుతుంది.

దాని అసలు సుగుణాలు వేరే ఉన్నాయి. నీటికంటే సుమారు 1.8 రెట్లు సాంద్రత కాబట్టి మునుగుతుంది. రాళ్ల రాపిడికి బాగా తట్టుకుంటుంది. అడుగున పాకించే టెక్సస్ రిగ్, జిగ్ (బరువైన తల ఉన్న ముల్లు) లాంటి ఎరలకు అందుకే బాగుంటుంది. నీటిపై తేలే పాపర్ ఎరకు మాత్రం ఆ మునిగే గుణమే చేటు, ఎర మూతిని కిందికి లాగేస్తుంది. అక్కడ నైలాన్ మేలు. తామరాకుల మీద, హైడ్రిల్లా నాచు మీద కప్ప బొమ్మను నడిపించాలంటే 50 నుంచి 65 పౌండ్ల లాగుడు తట్టుకునే బ్రెయిడ్ కావాలి. అది పాలిథిలిన్ పోగుల అల్లిక. తేలుతుంది, దాదాపు సాగదు, నాచును కోసుకుంటూ వస్తుంది. అయితే బ్రెయిడ్‌ను నున్నటి స్పూల్‌కు నేరుగా చుట్టకూడదు. ముందు కొన్ని చుట్లు నైలాన్ వేయకపోతే చుట్టంతా స్పూల్ మీద జారిపోతుంది. చాలామంది అది చూసి డ్రాగ్ చెడిపోయిందనుకుని మంచి రీల్‌ను మరమ్మతుకు ఇస్తారు.

రెండోది రాడ్. పవర్ అంటే రాడ్ వంగడానికి ఎంత బలం కావాలో, యాక్షన్ అంటే ఎక్కడి నుంచి వంగుతుందో. ‘హెవీ’ అన్నది పవర్ మాత్రమే, యాక్షన్ మాటే సందేశంలో లేదు. క్రాంక్‌బైట్ (లాగినప్పుడు ఊగుతూ నీటిలోకి దిగే గట్టి చేప బొమ్మ) లాంటి ఎరలకు సన్నటి మూడు కొనల ముళ్లుంటాయి. వాటిని బిరుసైన హెవీ రాడ్‌తో ఝాడించి లాగితే చేప మూతి చిరిగి ముల్లు ఊడి వస్తుంది. దానికి నడుము దాకా వంగే మోడరేట్ యాక్షన్ కావాలి. టెక్సస్ రిగ్‌లో ముల్లు ప్లాస్టిక్ పురుగు లోపల దాగి ఉంటుంది. అది పురుగును చీల్చుకుని చేప దవడలో దిగాలి కాబట్టి మీడియం హెవీ పవర్, ఫాస్ట్ యాక్షన్ (కొన దగ్గరే వంగేది) సరిపోతాయి. ఒకే రాడ్ కొనగలిగినవారు ఈ రెండో రకం కొనండి, హెవీ వద్దు. మరో మాట: ఈ రాడ్లలో చాలావరకు కార్బన్‌తో చేసినవే, వాటి గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది. ఉరుము వినబడితే రాడ్ కింద పెట్టి ఒడ్డుకు వచ్చేయాలి.

బేరింగుల లెక్క గురించి పెద్దగా చెప్పాల్సిందేమీ లేదు. పది నాసిరకం బేరింగులకంటే నాలుగు మంచివి మేలు. ఇక గేర్ రేషియో పెరిగితే బలం పెరగదు, తగ్గుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు సైకిల్‌కు ఏ గేరు వేస్తామో గుర్తుచేసుకోండి. లోతుకు దిగే, నీటిని బలంగా తోసే క్రాంక్‌బైట్‌కు 5.4:1 రీల్ హాయిగా ఉంటుంది. 8.1:1 రీల్ లైన్‌ను వేగంగా చుట్టుకోవడానికి. ఖరీదే చేపను తెస్తుందనుకునేవారికి జార్జ్ పెర్రీ పేరు చెప్పాలి. 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలోని మాంట్‌గోమరీ లేక్‌లో ఆయన 22 పౌండ్ల 4 ఔన్సుల లార్జ్‌మౌత్ బాస్‌ను పట్టాడు. ఆ రోజు స్నేహితుడితో కలిసి ఒక్క రాడ్‌నే పంచుకున్నాడని చెబుతారు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా ఆ రికార్డును సమం చేశాడు. దాన్ని స్పష్టంగా దాటినవారు ఇంకా లేరు.

నాలుగో సూత్రం నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది. డ్రాగ్ ఉన్నదే చేప ఒక్కసారిగా దూసుకుపోయినప్పుడు లైన్‌ను కొంత వదలడానికి. దాన్ని పూర్తిగా బిగిస్తే ముడి తెగాలి, లేదా ముల్లు వంగాలి, లేదా చేప నోరు చిరగాలి. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ను తిరిగి వదిలేయాలన్నది నిబంధన. వదిలేయాల్సిన చేప నోరు చీల్చి, ముల్లుతో సహా తెంపి పంపడం ఎంత అన్యాయం! లైన్‌ను రాడ్ రింగుల గుండా తీసి స్ప్రింగ్ త్రాసుకు కట్టి లాగి చూడండి. లైన్ బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు మధ్య డ్రాగ్ వదలాలి, అంటే 12 పౌండ్ల లైన్‌కు మూడు, నాలుగు పౌండ్ల దగ్గర. బలమైన బ్రెయిడ్‌కు ఈ లెక్క పనికిరాదు. అక్కడ ముల్లు, రాడ్ ఎంత తట్టుకుంటాయో చూసుకోవాలి. వేట ముగిశాక డ్రాగ్‌ను వదులు చేసి పెట్టండి, లోపలి వాషర్లు నొక్కుకుపోకుండా ఉంటాయి.

ఇక కడగడం. పైపు నీటి ధాటికి పైనున్న మట్టి, ఇసుక బేరింగుల్లోకి చేరతాయి, లోపలి గ్రీజు కొట్టుకుపోతుంది. మంచినీటి చెరువులో వాడిన రీల్‌కు తడిగుడ్డతో తుడవడం చాలు. డబ్ల్యూడీ-40 విషయానికొస్తే, 1953లో అది పుట్టింది నీటిని తొలగించి తుప్పును ఆపడానికి. పట్టకారుకు పట్టిన తుప్పు వదిలించడానికి భేషుగ్గా ఉంటుంది. రీల్‌లో కొడితే ఉన్న గ్రీజును కరిగించి, తాను మాత్రం పలచటి పొరగా మిగులుతుంది. స్పూల్ బేరింగులకు, లైన్‌ను అటూ ఇటూ నడిపే మరకు రీల్ నూనె ఒక్కొక్క చుక్క వేయాలి. పెద్ద గేర్లకు గ్రీజు పూయాలి. హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే రోలర్ బేరింగులో మాత్రం గ్రీజు పడకూడదు. పడితే సరిగ్గా చేప నోట్లో ముల్లు దించే క్షణంలో హ్యాండిల్ వెనక్కి జారుతుంది. డ్రాగ్ వాషర్లకు మామూలు నూనె తగలనివ్వకండి. రాడ్ రింగుల లోపల చిన్న దూది పుల్ల తిప్పి చూడండి. పోగు తగులుకుంటే అక్కడ పగులుందని అర్థం. ఆ పగులు లైన్‌ను ప్రతి విసురుకూ కోస్తూనే ఉంటుంది.

ఎరలన్నీ ఒకే పెట్టెలో పెడితే ఏమవుతుందో ఒక వేసవి చాలు తెలియడానికి. మెత్తటి ప్లాస్టిక్ పురుగుల్లోని రసాయనం గట్టి ప్లాస్టిక్ ఎరల రంగును, కొన్ని పెట్టెల అడుగును కూడా కరిగిస్తుంది. వాటిని అవి వచ్చిన సంచుల్లోనే ఉంచాలి, ఎండలో నిలిపిన కారులో వదలకూడదు. తడి ఎర ఒక్కటి పెట్టెలో వేసి మూస్తే పక్కనున్న ముళ్లన్నీ తుప్పు పడతాయి.

ఆరబెట్టడంలో ఇంకో బాధ్యత ఉంది, సందేశంలో దాని ప్రస్తావనే లేదు. జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్ప టెక్సస్‌లో తొలిసారి 2009లో లేక్ టెక్సోమాలో కనిపించింది. అక్కడి నుంచి పడవల ద్వారా ఇతర చెరువులకు పాకింది. దాని పిల్లలు కంటికి కనిపించనంత చిన్నవి, కాస్త నీరు మిగిలినా అందులో బతికి ప్రయాణిస్తాయి. అందుకే చెరువు వదిలేటప్పుడు పడవలోని నీరంతా, చేపలు ఉంచే తొట్టిలోనిదీ బకెట్‌లోనిదీ సహా, పారబోయాలని ఆ రాష్ట్ర చట్టం చెబుతోంది. వలకు, లంగరు తాడుకు అంటిన నాచును అక్కడే దులిపి, ఇంటికొచ్చాక అన్నిటినీ పూర్తిగా ఆరబెట్టాకే మరో చెరువుకు తీసుకెళ్లండి.