మహారాజశ్రీ బెంచీగారి దివ్య సముఖమునకు

బెంగళూరు ఔటర్ రింగురోడ్డు మీది ఒక టెక్ పార్కు నుంచి, ఏడు నెలల పసివాడి తల్లి, టెస్ట్ ఇంజినీరు వ్రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి.

తమరికి కాళ్లు లేవు, చెక్క లేదు, ఒక్క మేకైనా లేదు. ఆఫీసు ఫర్నిచర్ లెక్కల్లో తమరి పేరు కనపడదు. అయినా మారతహళ్లి పీజీల్లో దిగే మన తెలుగు పిల్లలకు కన్నడంలో నాలుగు మాటలు రాకముందే తమరి పేరు వచ్చేస్తుంది. ఐటీ కంపెనీల్లో చేతిలో ప్రాజెక్టు లేనివాళ్లు తమరి మీద కూర్చోవాలి. గడువులోగా ఇంకోటి వెతుక్కోవాలి. దొరక్కపోతే హెచ్‌ఆర్ వాళ్లు గదిలోకి పిలిచి, మంచినీళ్లిచ్చి మరీ రాజీనామా సంగతి మాట్లాడతారు. మా కంపెనీలో ఆ గడువు 60 రోజులు.

ప్రసూతి చట్టానికి వచ్చిన 2017 సవరణ పుణ్యమా అని 26 వారాలు జీతంతో సెలవు తీసుకుని, బాబును ఒంగోలు నుంచి వచ్చిన అమ్మకు అప్పగించి ఆఫీసుకొచ్చాను. నా పని ఇంకో అబ్బాయి చేస్తున్నాడు. పాపం, వాడి తప్పేముంది? మా మేనేజరుగారు మనవారే, గుంటూరాయన. "ఏమ్మా, బాబు నిద్రపోనిస్తున్నాడా?" అని ఆప్యాయంగా అడిగి, "ప్రస్తుతానికి బెంచ్ మీద ఉండు తల్లీ, ఒత్తిడి ఉండదు" అన్నారు. తమరు ఇంత సుఖాసనమని నాకు ఇన్నాళ్లూ తెలీదు సుమండీ.

తమరి అసలు ప్రతిభ ఎక్కడుందో ఇప్పుడు బోధపడింది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం రాసినవాళ్లు అమాయకులేం కాదు. ప్రసూతి సెలవులో ఉన్న మనిషిని తీసేయకూడదన్నారు. సెలవులో ఉండగా గడువు ముగిసేలా నోటీసు ఇవ్వకూడదన్నారు. ఆ సెలవు తీసుకుందన్న కారణంతోనూ తీసేయకూడదన్నారు, ఆమెకు నష్టం కలిగేలా ఉద్యోగ షరతులు మార్చకూడదన్నారు. 12వ సెక్షన్‌లోని ఈ రక్షణ, ఆ చట్టం స్థానంలో తెచ్చిన 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోకీ వచ్చింది. అంతా ఆలోచించారు గానీ, తమరిని ఊహించలేకపోయారు. 1961 నాటికి తమరు పుట్టలేదు కదా!

అన్యాయంగా తీసేస్తే, ఉత్తర్వు అందిన 60 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చని కూడా చట్టంలో ఉంది. తమరి గడువూ అరవయ్యే, ఆ అప్పీలు గడువూ అరవయ్యే. జాతకాలు ఎంత బాగా కుదిరాయో చూడండి. కాకపోతే అప్పీలుకు ముందు ఒక ఉత్తర్వు ఉండాలి. తమరి దగ్గర ఉత్తర్వు పుట్టదు, రాజీనామా పుడుతుంది. పొమ్మనలేక పొగబెట్టడం అని మా అమ్మ అంటుంది.

పొగ ఎలా వేస్తారో కూడా చెబుతాను. ప్రాజెక్టు ఇంటర్వ్యూలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష గురించి రెండు ప్రశ్నలు, బాబును ఎవరు చూసుకుంటారని నాలుగు. "రాత్రి కాల్స్ ఉంటాయి, నీకు కష్టం కదమ్మా?" అని ఒకరు. అదే ప్రశ్న పోయిన నెలలో తండ్రయిన మా ఆఫీసు సురేష్‌ను ఎవరూ అడగలేదు, అతనికి స్వీట్లు తినిపించారు. సెలవు తర్వాత కంపెనీ, ఉద్యోగిని ఇద్దరూ ఒప్పుకుంటే ఇంటి నుంచి పని చేయవచ్చని చట్టంలో ఉందని గుర్తుచేస్తే, అవతలివైపు నెట్‌వర్క్ పోయింది. 50 మంది, ఆపైన ఉన్న సంస్థలో పసిపిల్లలను చూసుకునే క్రెష్ ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. మాకూ ఉంది. గోడ మీద పోస్టర్‌లో చాలా ముద్దుగా ఉంది.

తమరి యజమానుల బాధా కొంత నిజమే, కాదనను. ఈఎస్‌ఐ అనే ఉద్యోగుల బీమా పథకం పరిధిలోని ఉద్యోగులకు ప్రసూతి డబ్బు ఆ నిధి నుంచి వస్తుంది. మాలాంటి ఎక్కువ జీతాలవాళ్లకు 26 వారాల జీతమూ కంపెనీయే ఇవ్వాలి. ఈ భారం యజమాని ఒక్కడి మీదే పడకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో తెచ్చిన 183వ ఒడంబడిక చెబుతుంది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. దానికోసం ఢిల్లీకి వెళ్లి అడగాలి గానీ, లెక్క నా దగ్గర సరిచేసుకోవడమేమిటి?

అందుచేత తమరికి మనవి చేసుకునేదేమంటే, నేను రాజీనామా ఇవ్వడం లేదు. తీసేయదలిస్తే కారణం రాసి, సంతకం పెట్టి ఇవ్వమనండి. ఆ కాగితం పట్టుకుని కార్మిక శాఖ అధికారి దగ్గరికి వెళ్తాను. నన్ను తమరి మీద ఏ తేదీన, ఎందుకు కూర్చోబెట్టారో తెలపమని హెచ్‌ఆర్‌కు నిన్ననే మెయిలు పెట్టాను. ఐదు నిమిషాల్లో జవాబొచ్చింది: "ఇవన్నీ మెయిల్లో ఎందుకమ్మా, ఫోన్లో మాట్లాడుకుందాం."

మెయిల్లోనే మాట్లాడుకుందామని మళ్లీ మెయిలు పెట్టాను.

ఇట్లు,
తమరిపై ఆసీనురాలు