కుడికాలికి శిక్షణ ఏదీ?

హైదరాబాద్–బెంగళూరు 44వ నంబరు జాతీయ రహదారి కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం, పెనుకొండ మీదుగా సాగుతుంది. ఈ దారిలో ఖరీదైన స్పోర్ట్స్ కార్లు కనిపించడం ఇప్పుడు వింతేమీ కాదు. అలాంటి కారు డివైడర్ ఎక్కితే మర్నాడు వార్తలో ఒకే మాట ఉంటుంది: అతివేగం. చాలాసార్లు అది నిజమే. కానీ ఆ మాట చాటున ఇంకో కారణం దాగిపోతోంది. యూటర్న్ తిరిగేటప్పుడు, సర్వీసు రోడ్డు నుంచి మెయిన్‌రోడ్డు ఎక్కేటప్పుడు, నలభై యాభై కిలోమీటర్ల వేగంలోనే ఈ కార్లు అదుపు తప్పగలవు. అక్కడ చేటు తెచ్చేది స్టీరింగ్ నిటారుగా రాకముందే యాక్సిలరేటర్‌ను గబుక్కున తొక్కిన కాలే.

రోడ్డు మీద టైరుకు ఉండే పట్టుకు ఒక హద్దుంది. మలుపు తిరగడానికీ, బండిని ముందుకు తోయడానికీ ఆ పట్టులోంచే వాడుకోవాలి. చెరువులో నీళ్లు కొద్దిగానే ఉన్నప్పుడు ఒక కాలువకు ఎక్కువ వదిలితే రెండోది ఎండుతుంది, ఇక్కడా అంతే. మలుపులో ఉండగా తోపు పెంచితే బండిని దారిలో నిలబెట్టే పట్టు తరిగిపోతుంది.

మనలో చాలామంది డ్రైవింగ్ నేర్చుకునేది స్విఫ్ట్, ఐ20 లాంటి ముందు చక్రాలు లాగే కార్ల మీద. వాటిలో మలుపులో ఎక్కువ తొక్కితే ముందు భాగం బయటికి జారుతుంది, కాలు తీస్తే మళ్లీ దారికొస్తుంది. ఏళ్ల తరబడి కాలికి పట్టిన ఈ అలవాటే శక్తిమంతమైన కారులో ప్రాణం మీదికి తెస్తుంది. 2016లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్‌నే చూడండి. ఎనిమిది సిలిండర్ల ఐదు లీటర్ల వీ8 ఇంజిన్, సుమారు 400 హార్స్‌పవర్, అంతా వెనక చక్రాలకే. చిన్న గేరులో ఒక్కసారి గట్టిగా తొక్కితే వెనక భాగం పక్కకు జారుతుంది. డ్రైవర్ బెదిరి స్టీరింగ్ ఎదురు తిప్పుతాడు, కాలు పూర్తిగా ఎత్తేస్తాడు. తోపు ఆగగానే వెనక టైర్లకు పట్టు హఠాత్తుగా తిరిగొస్తుంది. ముందు చక్రాలు మాత్రం ఇంకా ఎదురువైపే తిరిగి ఉంటాయి, కారు అటే దూకుతుంది. తిన్నని రోడ్డు మీద బండి అవతలి లేన్‌లో ఎలా పడిందని జనం ఆశ్చర్యపోయే ప్రమాదాల్లో కొన్నింటికి జవాబు ఇక్కడ దొరుకుతుంది.

1995లో మెర్సిడెస్ ఎస్‌క్లాస్‌తో బాష్ కంపెనీ వారి స్టెబిలిటీ కంట్రోల్ వచ్చాక పరిస్థితి మెరుగైంది. చక్రం జారితే అది శక్తిని తగ్గిస్తుంది, ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వేస్తుంది. కానీ లేని పట్టును అది పుట్టించలేదు. రీల్ కోసం దాన్ని ఆపేసి పబ్లిక్ రోడ్డు మీద టైర్లు తిప్పేవాళ్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. పక్కన బైకు మీద పిల్లలతో వెళ్లేవాడు ఈ సరదాకు ఒప్పుకోలేదు కదా.

పైగా మన సీమ రోడ్లు కారు కంపెనీ బ్రోచర్లలో కనిపించేలాంటివి కావు. తాడిపత్రి, బేతంచెర్ల వైపు నాపరాళ్ల లారీలు, సిమెంటు లారీలు దుమ్ము రాలుస్తూ పోతాయి. నెలల తరబడి పేరుకున్న ఆ దుమ్ము, ఆయిలు తొలి వానకు తడిస్తే తారు మీద జారుడు పొర తేలుతుంది. కోతల కాలంలో జొన్న, కొర్ర రోడ్డు మీదే ఆరబోస్తారు. రైతును తిట్టడం తేలిక. ఊరికో కళ్లం కట్టించి ఉంటే ఆయన రోడ్డెక్కేవాడే కాదు. ఏళ్ల తరబడి ఎండల్లో ఉంటే టైరు రబ్బరూ గట్టిపడి పట్టు కోల్పోతుంది. 2013లో హాలీవుడ్ నటుడు పాల్ వాకర్ మరణించిన పోర్షే కరేరా జీటీ ప్రమాదంలో అతివేగంతో పాటు తొమ్మిదేళ్ల పాత టైర్లనూ దర్యాప్తు అధికారులు ఎత్తిచూపారు. టైరు పక్కభాగం మీద నాలుగంకెల్లో తయారైన వారం, సంవత్సరం ఉంటాయి. తక్కువ తిరిగే కారు యజమానులు అరుగుదల కంటే ముందు ఆ అంకెలు చూసుకోవాలి.

చట్టం దగ్గర ఇంకా పెద్ద లోటుంది. లైట్ మోటారు వెహికల్ లైసెన్సుకు కొలత బరువే, 7,500 కిలోల దాకా. ఇంజిన్ శక్తి ప్రస్తావనే లేదు. అరవై హార్స్‌పవర్ కారుతో ఎనిమిది అంకె తిప్పి చూపినవాడు అదే కార్డుతో ఆరు వందల హార్స్‌పవర్ కారు నడపొచ్చు. ఒక స్థాయి దాటిన శక్తికి విడిగా పరీక్ష పెట్టాలి. కారు తాళాలతో పాటు మూసిన ట్రాక్ మీద ఒక రోజు శిక్షణ ఇప్పించే బాధ్యత అమ్మేవాళ్ల మీద ఉండాలి. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేసింగ్ ట్రాక్ కడపకు మరీ దూరమేమీ కాదు. కోట్లు పెట్టి కారు కొనేవారికి ఆ ఒక్క రోజు ఖర్చు భారం కాదు.

దర్యాప్తు తీరూ మారాలి. ఆధునిక కార్లలో చాలావాటికి ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్‌లో ఢీకొనే ముందు కొన్ని సెకన్ల సమాచారం నమోదవుతుంది: వేగం ఎంత, బ్రేకు పడిందా, యాక్సిలరేటర్ ఎంత మేర తొక్కి ఉంది. ఇలాంటి ప్రతి ప్రమాదంలో పోలీసులు, రవాణా శాఖ అధికారులు ఆ డేటాను తీయించి, టైరు వయసుతో సహా నివేదికలో రాయాలి.