మన పెండ్లి, పక్కింటి మిత్తి

2023 డిసెంబర్‌లో మా తమ్ముడి బిడ్డ పెండ్లి హన్మకొండలో చేశాం. పదహారు వందల ప్లేట్లకు చెప్పాం. వంటకాలు యాభై మూడు రకాలు. ఖర్చులో సగం నేనే డాలస్ నుంచి పంపాను, సంతోషంగా పంపాను. రాత్రి పదకొండు దాటింది. బరాత్ కదిలినంక, మరిచిపోయిన సంచి ఒకటి వెతుక్కుంటూ ఫంక్షన్ హాలు వెనక వంటల దగ్గరికి పోయాను. అక్కడ చూసింది ఈ రోజుకూ నా కండ్ల ముందే ఉంది.

గోడ పక్కన నాలుగు నీలం పీపాలు. మొదటిదాని నిండా తెల్లన్నం, చేయి దగ్గర పెడితే ఇంకా వెచ్చగా ఆవిరి తగులుతోంది. మిగతా వాటిలో బగార అన్నం, మటన్ ముక్కలు, కొరికి వదిలేసిన రొట్టెలు, గులాబ్‌జామూన్లు, కరిగిన ఐస్‌క్రీం, అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ఇద్దరు ఆడవాళ్లు వంగి ప్లేట్లు దులుపుతున్నారు. ఇంకొకామె సగం తాగి వదిలిన నీళ్ల సీసాల మూతలు తీసి, నీళ్లు మోరీలో ఒంపి, సీసాలు బస్తాలో వేస్తోంది.

"ఈ అన్నం ఎవరికన్నా ఇయ్యరాదా అమ్మా?" అని అడిగాను.

"ఎవలకిస్తం సారూ? అన్నిట్ల ఎంగిలి కలిసింది. పొద్దుగాల పందులు పెంచెటోళ్లు వచ్చి ఎత్కపోతరు" అన్నది, పని ఆపకుండానే.

వంటమాస్టర్ పక్కనే నిలబడి ఉన్నాడు. నేను తనను తప్పుపడుతున్నాననుకున్నాడేమో, "గీ ఒక్క పీపాలనే నలభై కిలోల బియ్యం అన్నం ఉంటది సార్. మీరు చెప్పినన్ని మేం వండినం" అన్నాడు.

ఆ మాటలో తప్పేమీ లేదు. చెప్పింది మేమే.

కిలో బియ్యం పండడానికి సుమారు 2,500 లీటర్ల నీళ్లు పడతాయంటారు. అంటే ఆ ఒక్క పీపా వెనక లక్ష లీటర్ల నీళ్లున్నాయి, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై. మా దిక్కు ఆ నీళ్లు ఊరికే రావు. శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ మీద పారి రావాలి, లేకపోతే దేవాదుల మోటార్లు గోదావరిని మెట్టు మెట్టుగా ఎత్తి పోయాలి, అదీ లేకపోతే బోరు. మా నాయన బతికున్నప్పుడు రాత్రి కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు టార్చిలైటు పట్టుకుని, పాములను చూసుకుంటూ బావికాడికి పోయేవాడు. అట్లా పండిన గింజను నా పైసలతో వండించి పీపాలో పోయించాను.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల తిండి పారేశారు. అందులో అరవై శాతం ఇండ్లలోనే. మనిషికి ఏడాదికి ఇండియాలో 55 కిలోలు, అమెరికాలో 73 కిలోలు ఇంట్లోనే పోతున్నాయి. అంటే మనం ఇక్కడా పారేస్తున్నాం, అక్కడికి పోయి అక్కడా పారేస్తున్నాం.

ఎందుకింత మిగులుతుంది? నా మటుకు నాకు కనిపించే మొదటి కారణం భయం. "అన్నం తక్కువైంది", "కూర అందలేదు" అనే మాట మన దగ్గర పుట్టెడు అవమానం. ఇరవై ఏండ్లు గడిచినా ఫలానోళ్ల పెండ్లిలో మటన్ అయిపోయిందని చెప్పుకుంటారు. ఎనిమిది వందల మంది వస్తారనుకుంటే వెయ్యికి చెప్తాం, అమెరికా నుంచి వచ్చినోళ్లం ఉన్నామంటే పదహారు వందలకు చెప్తాం. ఇక రెండోది, బఫే. బంతిలో కూర్చోబెట్టి వడ్డించినప్పుడు "ఇంకింత ఎయ్యమంటవా?" అని అడిగేవాళ్లుండేవాళ్లు, చాలు అని ఇస్తారి మీద చేయి అడ్డం పెట్టేవాళ్లం. బఫేలో నలభై మంది లైను. మళ్లీ వచ్చి నిలబడే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి ఒక్కసారే అన్నీ ప్లేటులో కుప్ప పోసుకుంటారు. తినేవాళ్ల ఆశ అని తిట్టుకుంటాం గాని, వాళ్లను ఆ లైనులో నిలబెట్టింది మనమే.

అయితే ఆ పీపాల కంటే పెద్ద నష్టం నాకు మూడు నెలల తర్వాత తెలిసింది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

పరకాల దిక్కు మా ఊళ్లో మా ఇంటికి ఆనుకుని ఒక కాక ఉంటాడు. ఎకరంన్నర సొంతం, ఇంకో మూడెకరాలు కౌలుకు తీసుకుని పత్తి పెడతాడు. మా ఇంట్ల పెండ్లికి ముందురోజు నుంచే వచ్చి చేతనైన పనల్లా చేశాడు. 2024 వేసవిలో ఆయన బిడ్డ పెండ్లి. అదీ ఫంక్షన్ హాల్లోనే, గేటు దగ్గర ఫ్లెక్సీలతో, డీజేతో. ఆశ్చర్యపోయి ఫోన్‌లో అడిగాను.

"ఏమనుకోకు కొడుకా" అన్నాడు. "మీ ఇంట్ల పెండ్లికి మా పిలగాని తరపోళ్లు గూడ వచ్చిండ్రు గదా. గట్లనే హాల్ల చెయ్యాలె, మా మంది సూస్తరు అన్నరు. కాదంటె సంబంధం పోతదేమోనని భయమైంది."

మూడు లక్షలు అప్పు తెచ్చాడు, వందకు మూడు రూపాయల మిత్తికి. నెలకు తొమ్మిది వేలు, ఏడాదికి లక్షా ఎనిమిది వేలు మిత్తే. 2024–25లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాల్‌కు 7,521 రూపాయలు. ఆ ధర పూర్తిగా చేతికొచ్చినా మిత్తికే పద్నాలుగు క్వింటాళ్ల పైన పోతుంది. మా దిక్కు ఎకరానికి ఏడెనిమిది క్వింటాళ్లు వస్తే మంచి పంట కింద లెక్క. అంటే రెండెకరాల్లో ఇంటిల్లిపాది విత్తి, కలుపు తీసి, మందు కొట్టి, ఏరిన పత్తంతా అసలులో ఒక్క రూపాయి తగ్గించకుండా పోతుంది. పైగా కౌలు భూమికి పాస్‌బుక్ ఆయన పేరు మీద ఉండదు. మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ కొనుగోలు కేంద్రానికి పోతే కాగితాలు అడుగుతారు. అందుకని అప్పిచ్చిన అడ్తి వ్యాపారికే, ఆయన చెప్పిన ధరకే ఏనుమాముల మార్కెట్లో దించాలి.

వరంగల్ జిల్లాలో పత్తి రైతు అప్పు అంటే ఏమిటో మన తరానికి ఎవరూ చెప్పనక్కర లేదు. 1997–98లో పురుగు కొట్టి పంట పోయి, పురుగుల మందు బాకీలు తీర్చలేక, ఆ మందే తాగి చచ్చిపోయిన రైతుల వార్తలు రోజూ చదివాం. అప్పుడు నేను చదువుకుంటున్నాను. ఆ చావులకు కారణం ప్రభుత్వాలు, విత్తనాలు, నకిలీ మందులు అని ఆవేశంగా మాట్లాడేవాణ్ని. అవి నిజమే. కానీ ఇరవై ఆరేండ్ల తర్వాత మా పక్కింటి మూడు లక్షల అప్పులో నా చేయి ఉంది. నేను సంతకం పెట్టలేదు, జామీను ఉండలేదు. మా పెండ్లి ఎట్ల చేశామో దాంతోనే ఆయన బిడ్డ పెండ్లికి రేటు కట్టింది.

ఈ మాట మొన్న ఇక్కడ డాలస్‌లో మన సంఘం మిత్రుల దగ్గర అంటే ఒకరు కాస్త నొచ్చుకున్నారు. "ఇరవై ఏండ్లు కష్టపడ్డాం, మన బిడ్డ పెండ్లి మన ఇష్టప్రకారం చేసుకునే హక్కు లేదా? దాంతో పది మందికి పని దొరుకుతుంది కదా" అన్నారు. హక్కు ఉంది, ఆయన ఆప్యాయతనూ నేను శంకించను. కానీ పని సంగతి లెక్క చూస్తే వేరే తేలింది. అదే పదహారు వందల మందికి బంతిలో వడ్డించాలంటే వడ్డించేవాళ్లు ఇంకా ఎక్కువ కావాలి. మా పెండ్లిలో వంటకాలు యాభై మూడు, వడ్డించే చేతులు మాత్రం ముప్పై కూడా లేవు. పైసలు సరుకుకు పోయాయి, సరుకు పీపాకు పోయింది. అర్ధరాత్రి దాకా ప్లేట్లు దులిపిన ఆ ముగ్గురికి ఆ రోజు కూలీ ఐదు వందల చొప్పున ఇచ్చారు. అడిగి తెలుసుకున్నాను.

ఇక ప్లాస్టిక్ మాట. 2022 జూలై 1 నుంచి దేశంలో ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, అలంకరణ థర్మోకోల్, వంద మైక్రాన్ల లోపు ఫ్లెక్సీలు నిషేధం. హాల్లో అవన్నీ ఉన్నాయి. అవి చివరికి ఎక్కడికి చేరతాయో కాజీపేట మీదుగా రైల్లో పోయినవాళ్లకు మడికొండ దగ్గర పొగ, వాసన చెప్తాయి. డంపుయార్డుకు చేరనివి మోరీల్లోకి, నాలాల్లోకి పోతాయి. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచపల్లి నీట మునిగి జనం ఇండ్ల కప్పులెక్కారు. హన్మకొండలో నయీంనగర్ నాలా పొంగి కాలనీలు మునిగాయి. అంత వానను ఆపడం ఎవరి తరమూ కాదు. కానీ నీళ్లు పోయే దారిలో ఇండ్లు కట్టింది, మిగిలిన సందును సీసాలతో, కవర్లతో పూడ్చింది మనుషులే. ఇదే వరంగల్ 2012లో ఇంటింటికీ తిరిగి తడి చెత్త, పొడి చెత్త వేరుగా తీసుకుని, చెత్తకుండీ లేని నగరంగా పేరు తెచ్చుకుంది. వేరే ఊళ్ల నుంచి వచ్చి చూసిపోయారు. చేయడం మనకు రాదని అనడానికి వీల్లేదు.

సెలవుల్లో పిల్లలను తీసుకుపోయి రామప్ప గుడి చూపిస్తాం. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తించింది, ఫొటోలు దిగుతాం. దాని పక్కనే ఉన్న చెరువు కట్ట మీదికి కూడా ఒక్కసారి ఎక్కించండి. కాకతీయుల కాలం చెరువులు చాలావరకు గొలుసుకట్టు. పై చెరువు నిండితే మత్తడి దుంకుతుంది, ఆ నీళ్లు వాగులో పడి కింది చెరువుకు పోతాయి, అది నిండితే ఇంకా కిందికి. ఒక ఊరికి ఎక్కువైంది ఇంకో ఊరి పంట. అడుగున పేరుకున్న పూడిక కూడా చెత్త కాదు. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు ఆ మట్టిని రైతులు ట్రాక్టర్లు కట్టుకుని చేన్లకు తోలుకున్నారు.

మా చిన్నప్పుడు పెండ్లిలో మిగిలింది కూడా ఎవరికో ఒకరికి పోయేది. చాకలి ఇంటికి, మంగలి ఇంటికి, వాడకు. ఆ పద్ధతి మళ్లీ రావాలని నేననను. అందులో కులముంది, దూరం నిలబెట్టి పెట్టిన అన్నం ఉంది. ఇప్పుడు కావలసింది ముట్టకముందే తీసి పెట్టడం. గిన్నె ఎంగిలి కాకముందు, వేడి ఉండగా, తొమ్మిది గంటలకే, మర్యాదగా డబ్బాల్లో సర్ది, హాస్టళ్లకో, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ముందు రోగుల కోసం రాత్రంతా కూర్చునే వాళ్లకో పంపడం. రాత్రి పదకొండింటికి మనసు కలుక్కుమంటే ఏమీ చేయలేం. నేను ప్రయత్నించాను.

మన బతుకమ్మనే చూడండి. గునుగు, తంగేడు, చేన్ల గట్ల మీద ఊరికే పూసిన పూలు. పద్మాక్షి గుండం దగ్గర వేల మంది ఆడి, నీళ్లలో వదిలి, సద్దులు పంచుకుని ఇండ్లకు పోతారు. గునుగుకు రసాయన రంగులు అద్దడం ఈ మధ్య వచ్చింది, అది నాకు బాధ. డాలస్‌లో తంగేడు ఎక్కడ దొరుకుతుందని అడగొచ్చు. దొరకదు. అందుకని ప్రతి ఏడూ ప్లాస్టిక్ పూలు కొత్తవి కొని పారేయాలా? మన వాకిళ్లలో బంతి, చామంతి పెరుగుతున్నాయి. మన సంఘం వచ్చే బతుకమ్మకు ఒక్క ప్లాస్టిక్ పువ్వు కూడా లేకుండా చేయాలని, ఉగాది భోజనాలకు పేర్లు ముందే తీసుకుని లెక్క ప్రకారమే వండించాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఇక్కడ పిల్లవాడి పుట్టినరోజుకు ఎవరు వస్తారు, ఎవరు రారు అని నాలుగుసార్లు మెసేజ్ పెట్టి కనుక్కునేవాళ్లం మనమే. ఊళ్లో పెండ్లికి మాత్రం "ఇంటిల్లిపాది రండి" అని కార్డు ఇచ్చి ఊరుకుంటాం.

ఈ డిసెంబర్‌లో మా చెల్లె కొడుకు పెండ్లి. ఈసారి మేం పిలగాని తరపు. కాక విషయంలో నాకు బాగా అర్థమైంది ఇదే, పెండ్లి ఎట్ల చేయాలో చెప్పేది మన దగ్గర పిలగాని తరపే. ఆడపిల్ల తండ్రి తగ్గిద్దామని నోరు తెరవలేడు. అందుకని మేనమామగా నేనే పిల్ల తండ్రికి ఫోన్ చేశాను. మాకు హాలు వద్దు, మీ ఊళ్లో మీ ఇంటి ముందు పందిరి చాలు, అన్నం, మటన్, పప్పుచారు, ఒక కూరగాయ, ఒక తీపి, అంతే, మోదుగాకు ఇస్తార్లలో బంతి భోజనం, డీజే వద్దు అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు.

"నిజంగనే అంటున్నరా బావగారూ?" అన్నాడాయన. "రేపు మళ్ల మాట రాదు గదా?"

రాదని, మా తరపున ఎంతమందిమి వస్తామో నెల ముందే లెక్క చెప్తానని మాటిచ్చాను. చెల్లె మొదట ఒప్పుకోలేదు. "మందేమంటరే అన్నా" అని రెండు రోజులు బాధపడింది. కాక మిత్తి లెక్క కాగితం మీద వేసి వాట్సాప్‌లో పంపాను. ఆ రాత్రే ఫోన్ చేసి, "సరే, పేర్లు రాసుకో" అన్నది.

పొద్దున ఇక్కడ లేవగానే అక్కడ సాయంత్రం, అదే నాకు ఫోన్లు చేసుకునే వేళ. మేనత్తలు, చిన్నమ్మలు, నా బడి దోస్తులు, ఒక్కొక్కరినీ అడుగుతున్నాను, ఎందరొస్తారు, పిల్లలు ఎందరు, మటన్ తిననివాళ్లు ఎవరు అని. ఇట్లా ఫోన్ చేసి అడిగిందే మర్యాద అని మురిసిపోయినవాళ్లున్నారు. నిన్నటికి మూడు వందల పద్దెనిమిది పేర్లయ్యాయి. జనగామ వాళ్లు, నర్సంపేట వాళ్లు ఇంకా మిగిలి ఉన్నారు.