పరగడుపున రమ్మని పదకొండున్నరకు వచ్చిన బండికి

శ్రీయుత సంచార వైద్య పరీక్షల బండి గారికి,

అనంతపురం జిల్లా నార్పల వైపు ఒక పల్లె నుంచి టోకెను నంబరు 17 గారి మనవడు రాసుకునేది. ఇక్కడ అందరం క్షేమం. క్షేమమో కాదో తేల్చాల్సింది నువ్వే కాబట్టి, ప్రస్తుతానికి అలా అనుకుంటున్నాం. గుడి ముందు దాకా వచ్చిన చుట్టానివి, చనువుగా 'నువ్వు' అంటున్నాను, ఏమీ అనుకోవద్దు. నీ సొంతదారు ఎవరో తెలిస్తే వాళ్ళకే రాసేవాణ్ణి. నీ ఒంటికి అతికించిన పోస్టర్లు చూస్తే అయిదారుగురు తేలారు.

ముందురోజు సాయంత్రం మైకులో చెప్పించావు. "రేపు పొద్దున అందరూ పరగడుపున రావల్ల. నీళ్ళు తప్ప ఏమీ తాగగూడదు." మంచిదే. పరగడుపు షుగర్ చూడాలంటే కనీసం ఎనిమిది గంటలు కడుపు ఖాళీగా ఉండాలి. మా ఊళ్ళో రాత్రి ఏడున్నరకే సంగటి తిని పడుకుంటారు. నువ్వు దిగింది పదకొండున్నరకు. పదహారు గంటలు! ఏకాదశి ఉపవాసానికి కూడా మా వాళ్ళు ఇంతలా కట్టుబడరు.

పైగా నీకు చోటు చూపించినవాళ్ళు ఎవరో గానీ, సరిగ్గా ఉగ్గాని అంగడి ఎదురుగా చూపించారు. తొమ్మిది దాకా అందరూ ఓర్చుకున్నారు. తొమ్మిది దాటాక మా చిన్నాయన "ఒగ బజ్జీకి ఏమైతాది లే" అని లేచాడు. అంతే, పది కాకముందే ఉగ్గాని గంపకు గంప ఖాళీ. నువ్వొచ్చాక ఎవరినీ ఒక్క మాట అడగకుండా అందరినీ 'పరగడుపు' గడిలోనే ఎక్కించావు. పరగడుపున 126 గానీ అంతకు మించి గానీ వస్తే షుగర్ ఉందేమోనని మళ్ళీ పరీక్ష చేయాలి. ఆ రోజు మా వీధిలో సగంమంది దాటారు. అది వాళ్ళ నెత్తుటి లెక్కో, ఉగ్గాని అంగడి అమ్మకం లెక్కో నువ్వే చెప్పాలి.

నీ స్ట్రిప్పుల డబ్బా కూడా చూశాను. ముప్ఫై డిగ్రీలు దాటని చోట పెట్టమని దాని మీదే రాసుంది. మే నెల అనంతపురంలో అలాంటి చోటు ఎక్కడుందో ఆ కంపెనీవాళ్ళు కూడా రాసి ఉంటే మేమే పోయి అక్కడ పడుకునేవాళ్ళం.

బీపీ సంగతికొస్తే, చూసే ముందు మనిషి అయిదు నిమిషాలు వీపు ఆనించి, కాళ్ళు నేలకు ఆన్చి, మాట్లాడకుండా కూర్చోవాలి. నువ్వు తెచ్చింది ఒక్క స్టూలు. దాని మీద బ్యానరు కట్టే అబ్బాయి నిలబడి ఉన్నాడు. మా పక్కింటి పెద్దమ్మ వరసలో చోటు కోసం వియ్యపురాలితో కొట్లాడి, ఆ ఊపులోనే చెయ్యి చాపింది. రవిక చేతి మీదనే పట్టీ చుట్టారు. 180 వచ్చింది. అందులో ఆమెది ఎంతో, వియ్యపురాలిది ఎంతో ఎవరికి తెలుసు?

ఆ తరవాత ఓటీపీ. ఎవరికైనా సూది గుచ్చాలంటే ముందు పద్నాలుగు అంకెల ఆరోగ్య నంబరు పుట్టాలట. మా అవ్వ ఆధార్‌కు ఉన్నది మా అన్న ఫోను. అన్న బెంగళూరు మారతహళ్ళిలో సెక్యూరిటీ డ్యూటీలో ఉన్నాడు. అంకెలు అక్కడికి పోయాయి. ఇక్కడేమో సిగ్నల్ లేదు. నేను నీళ్ళ ట్యాంకు ఎక్కి ఫోను చేస్తే, "ఓటీపీ ఎవురికీ చెప్పొద్దంటారు గదరా, నువ్వు నిజంగా నువ్వేనా?" అన్నాడు. నేను నేనేనని తేలేసరికి టైం అయిపోయింది. మళ్ళీ మొదటి నుంచి.

నువ్వు అక్కర్లేదని కాదు. నువ్వు రాకపోతే ఇదే పరీక్షకు ఆటో చార్జీ, ఒక రోజు కూలీ రెండూ పోతాయి. 2020లో ఆర్టీసీ ఇంద్ర బస్సులకే సంజీవని అని పేరు పెట్టి కరోనా పరీక్షలకు పంపించారు. ఏనాడూ ఏసీ బస్సు ఎక్కనివాళ్ళు కూడా ఆ బస్సు దగ్గరికి పోయి ముక్కు పైకెత్తి నిలబడ్డారు. బండి వస్తే జనం వస్తారు. ఏ వేళకు వస్తే ఎవరు వస్తారన్నదే నా బాధ. ఉపాధి హామీ మొదలైందే మా జిల్లా బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. దాన్ని మేం కరువు పని అంటాం. ఎండాకాలం ఆరు గంటలకే జనం గడ్డపారలతో చెరువులో ఉంటారు. కడమవాళ్ళు తోటల కూలీకి ఆటో ఎక్కేసుంటారు. నీకు దొరికింది మా అవ్వ లాంటివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, ఇంకా ఏ పనీ లేక అరుగు మీద కూర్చునే మా చిన్నాయన. చిన్నాయనకు నువ్వు నాలుగు సార్లు షుగర్ చూశావు. ఆయనకు అదొక కాలక్షేపం. మా ఊరి ఆరోగ్య కార్యకర్త ఆశక్కను అడిగితే ఏ ఇంట్లో ఎవరు ఎన్నాళ్ళ నుంచి దగ్గుతున్నారో వేళ్ళ మీద చెబుతుంది. "ఆటోలు ఆగే కాడ పొద్దున్నే పెట్టండి సార్ అంటి, ఇనల్యా" అంది.

ఇక దగ్గు, అంటే టీబీ పరీక్ష. "రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవాళ్ళు ముందుకు రండి" అని గుడి ముందు మైకులో పిలిచావు. పెళ్ళి కావాల్సిన పిల్ల ఉన్న ఇంట్లోంచి ఎవరైనా వస్తారా? అప్పటిదాకా దగ్గుతున్నవాళ్ళు కూడా ఊపిరి బిగబట్టారు. ఎనభై ఏళ్ళ మా అవ్వకు ఎవరి భయమూ లేదు, పోయింది. అప్పటికప్పుడు ఒక డబ్బాలో గళ్ళ తీసుకున్నారు. అది గళ్ళ కాదు, వక్కాకు ఉమ్మి. లోపలి నుంచి దగ్గి తీయమని ఎవరూ చెప్పలేదు. ఇంకో డబ్బా చేతికిచ్చి, "రేపు లేస్తూనే తీసిపెట్టు అవ్వా, వచ్చి తీసుకపోతాం" అన్నారు. మూత మీద 17 అని రాశారు.

మర్నాడు అవ్వ మొహం కూడా కడగకుండా అరుగు మీద కూర్చుంది. పది దాకా చూసింది. ఆ మర్నాడూ కూర్చుంది. మూడో రోజు నేనే బైకు మీద ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకుపోయాను. ఎక్స్‌రే, గళ్ళ పరీక్ష రెండూ చేసి టీబీ లేదన్నారు, నీకు చెప్పకపోతే బాగుండదని రాస్తున్నాను. డబ్బా మాత్రం ఉట్టినే పోనియ్యలేదు. కడిగి, ఎండబెట్టి, సున్నం పోసుకుంది.

నిన్న అన్నకు నీ మెసేజ్ వచ్చిందట. "మీ పరీక్షలు విజయవంతంగా పూర్తయ్యాయి. ధన్యవాదాలు." ఫోనులో చదివి వినిపించాడు, నేను అవ్వకు చెప్పాను. ఆమె ఆ డబ్బాలోంచి సున్నం గీకి ఆకుకు రాసుకుంటూ అడిగింది:

"ఏం తేలిందంట?"

ఇట్లు,
టోకెను 17 గారి మనవడు