డ్రమ్ కోర్ యూనిఫాం మీద తిరుగుతున్న ఆ మెసేజ్ గురించి

అమెరికాలో బ్యాండ్ పిల్లల తల్లిదండ్రుల గ్రూపుల్లో ఏటా వేసవి రాగానే ఒక మెసేజ్ మొదలవుతుంది. ఈసారి మా తెలుగు గ్రూపులోకీ వచ్చింది. అందులో నాలుగు మాటలున్నాయి. డ్రమ్ కోర్ వేషం అంటే మొదట్నుంచీ సైనికుల దుస్తులే, అవి ఎన్నడూ మారలేదు. 2016లో ఒక కోర్ ఒంటికి అతుక్కునే బట్టలు వేసి ఆచారం పాడుచేసింది. టోపీలు తీసేయడం వట్టి ఫ్యాషన్ పిచ్చి. ఇప్పుడు ఎవరు ఏ కోరో పోల్చుకోలేం. మా అమ్మాయి రెండు వేసవులు ఒక కోర్‌లో మెల్లోఫోన్ అనే ఇత్తడి బాకా వాయించింది. ఆ రెండు వేసవులూ నేను సూదీ దారం పట్టుకుని వాళ్ల బస్సుల వెంట తిరిగాను. అందుకే జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. ఇత్తడి వాయిద్యాలు, డ్రమ్ములు, జెండాలతో 150 మందికి పైగా అమ్మాయిలు, అబ్బాయిలు ఫుట్‌బాల్ మైదానంలో పది పన్నెండు నిమిషాలు నడుస్తూ, పరుగెడుతూ వాయించేదే డ్రమ్ కోర్. వీళ్ల పోటీలు నడిపే సంస్థ డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్. దాని మొదటి ఛాంపియన్‌షిప్ 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో జరిగింది.

మొదటి మాటలో సగం నిజం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల సంఘాలే, ముఖ్యంగా అమెరికన్ లీజియన్ శాఖలే, ఈ కోర్‌లను పెంచాయి. కానీ తర్వాత చర్చిలు, స్కౌట్ దళాలు కూడా కోర్‌లు పెట్టాయి. న్యూజెర్సీలోని గార్‌ఫీల్డ్‌లో 1934లో పుట్టిన కేడెట్స్ ఒక కాథలిక్ చర్చి పిల్లలు. వాళ్లు వెస్ట్ పాయింట్ సైనిక కాలేజీ కోటు కత్తిరింపు తీసుకున్నారు. వెస్ట్ పాయింట్ కోటు బూడిద రంగు, వీళ్లది మెరూన్. కాలిఫోర్నియాలో 1967లో మొదలైన శాంటా క్లారా వాన్‌గార్డ్‌కు పేరు తెచ్చిన టోపీ ఆస్ట్రేలియా సైనికులు పెట్టుకునే వెడల్పు అంచు టోపీ. కాలిఫోర్నియా పిల్లలకు ఆస్ట్రేలియా సైన్యంతో ఏం సంబంధం? చూడముచ్చటగా ఉందనే పెట్టుకుని ఉంటారు.

ఇక ట్రూపర్స్ సంగతి చెప్పకపోతే ఈ జవాబు పూర్తికాదు. వయోమింగ్‌లోని కాస్పర్ ఊళ్లో 1957లో పుట్టిన కోర్ అది. 1860ల నాటి పదకొండో ఒహాయో అశ్వికదళం వేషం కట్టింది: నీలం కోటు, పసుపు గీతలు, గుర్రపు రౌతు టోపీ. ఆ దళాన్నే ఎందుకు ఎంచుకున్నట్టు? ఆ దళంలోని లెఫ్టినెంట్ కాస్పర్ కాలిన్స్ 1865లో ఇప్పుడు కాస్పర్ ఊరున్న చోటి వంతెన దగ్గర జరిగిన పోరులో చనిపోయాడు. ఊరికి ఆయన పేరే పెట్టారు, ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో ఒక అక్షరం తప్పుగా. అంటే 1957 పిల్లలు తమ ఊరి పేరు వెనకున్న కథను, దాదాపు వందేళ్ల నాటి బట్టలను ఒంటి మీద వేసుకున్నారు. నాకు తెలిసినంతలో కోర్ యూనిఫాంలన్నిటిలో ఇంత అర్థమున్నది ఇంకోటి లేదు. అది సైనిక క్రమశిక్షణ కోసం వేసుకున్నది కాదు. మన కూచిపూడి వాళ్లు ఆహార్యం అంటారే, అచ్చం అదే.

రెండో మాట తేలిగ్గా తేలిపోతుంది. ఒహాయోలోని కాంటన్ నుంచి వచ్చే బ్లూకోట్స్ 2016లో టోపీల్లేకుండా, తెల్లటి బిగుతు దుస్తుల్లో దిగి గెలిచిన మాట నిజం. వాళ్లకదే మొదటి టైటిల్. ఆ గెలుపు చూసి చాలామంది ఆ దారి పట్టిన మాటా నిజమే. కానీ 1970ల్లోనే న్యూజెర్సీలోని బేయాన్ ఊరి కోర్ బ్రిడ్జ్‌మెన్ వాళ్లు పొడవాటి పసుపుపచ్చ కోట్లు, వెడల్పాటి నల్ల టోపీలతో మైదానంలోకి వచ్చారు. అది ఏ సైన్యం దుస్తులో ఎవరైనా చెప్పగలరా? పైగా జెండాలు తిప్పే కలర్ గార్డ్ పిల్లల దుస్తులు షోను బట్టి మారడం ఎన్నో ఏళ్లుగా ఉన్నదే. వాళ్లూ కోర్‌లో భాగమే కదా. మెసేజ్ రాసినవాళ్లు వాళ్లని లెక్కలోనే పెట్టుకోలేదు. అది నాకు బాధ కలిగించింది.

మూడోది ఫ్యాషన్ పిచ్చి. ఇక్కడ నేను కళ్లారా చూసింది చెప్పాలి. మా అమ్మాయి మొదటి వేసవిలో పాత తరహా యూనిఫాం. షాకో అంటే డబ్బాలా నిటారుగా ఉండే టోపీ, గడ్డం కింద పట్టీ, పైన తురాయి. ఆ తురాయిల్ని పెట్టెల్లో దాచి, మైదానంలోకి వెళ్లే ముందు గేటు దగ్గర మేం ఒక్కొక్కరి టోపీలో గుచ్చేవాళ్లం. మా చేతి చెమట ఈకలకు అంటకూడదని గ్లవ్స్ వేసుకునేవాళ్లం. జూలైలో, టెక్సాస్‌లో, మెడదాకా మూసిన బరువైన కోటు. షో అయ్యాక కోటు విప్పితే మా పిల్ల మెడ చుట్టూ, వీపంతా చెమటకాయలు. కోట్లను డ్రైక్లీనింగ్‌కు ఇద్దామంటే మర్నాడే వేరే ఊళ్లో షో.

అయినా ఆ యూనిఫాం తెలివితక్కువది కాదు. షాకో అందర్నీ ఇంకాస్త పొడుగ్గా చూపిస్తుంది. తురాయి వంగిందంటే తల వంగినట్టే, పై వరుసలో కూర్చున్నవాళ్లకీ తెలిసిపోతుంది. కేడెట్స్ మీగడరంగు ప్యాంట్లలో ఒక్క మోకాలు వంగినా దాగదు. తిన్నటి గీతల్లో నడిచే డ్రిల్‌కు సరిపోయేలా తయారైన బట్ట అది.

డ్రిల్ మారింది. పిల్లలు ఇప్పుడు నేల మీద దొర్లుతారు, వెనక్కి వాలుతారు. 2016 బ్లూకోట్స్ షోలో ఏటవాలు దిమ్మెల మీంచి జారుతూ కూడా వాయించారు. షాకో పెట్టుకుని జారి చూడండి! రెండో వేసవిలో మా వాళ్లకు సాగే బట్ట వచ్చింది. రాత్రి లాండ్రోమాట్‌లో మెషీన్లో వేస్తే పొద్దుటికి ఆరిపోయేది. చెమటకాయలు తగ్గాయి. నా సూదికి పని మాత్రం తగ్గలేదు, చిరుగులు ఎక్కువయ్యాయి.

నాలుగో మాట, పోల్చుకోలేకపోవడం. ఇది నిజం. నేను ఒప్పుకుంటాను. ఇండియానాపొలిస్‌లో ఫైనల్స్ రోజు, స్టేడియం బయట ఒక కోర్ మా పక్కనుంచే వెళ్లింది. ఎవరో తెలియక మా ఆయన ఫోన్లో వెతుక్కోవాల్సి వచ్చింది. ఒకప్పుడైతే అర కిలోమీటరు దూరం నుంచి టోపీ చూసి చెప్పేవాళ్లమని, అక్కడే నిలబడ్డ ఒక పెద్దాయన అన్నారు. ఆయన గొంతులో దిగులు నాకు అర్థమైంది. కేడెట్స్ 2024లో మూతపడ్డాక ఆ మెరూన్ కోటు ఇక పాత వీడియోల్లోనే. ఏటా కొత్త బట్ట కుట్టించుకునే కోర్‌లు కనీసం తమ రంగునో, టోపీ తీరునో ఎక్కడో ఒకచోట నిలుపుకోవాలి.

ఆ మెసేజ్‌లో మొదటి మూడు మాటలూ తీసేసి ఈ ఒక్కటే ఉంచి ఎవరైనా మళ్లీ పంపితే, దాన్ని నేనూ పదిమందికి పంపుతాను.