80 శాతం నీళ్లు తిరిగొస్తాయట, ఏ దారిన?

నాగార్జునసాగర్ నుంచి హైదరాబాద్‌కు మూడు దశల కృష్ణా పైపులైన్లున్నాయి. ఒక్కోటీ రోజుకు 90 మిలియన్ గ్యాలన్లు, ఏడాదికి 5.5 టీఎంసీలు. మొత్తం 16.5. కానీ వాటాల లెక్క దగ్గర తమ ఖాతాలో 3.3 మాత్రమే రాయమంటుంది తెలంగాణ. ఇదేం దొంగలెక్క కాదు. తాగునీటికి మళ్లించిన దాంట్లో 20 శాతమే వాడకమని కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునలే చెప్పింది, మిగతాది తిరిగి నదిలో కలుస్తుందన్న లెక్కన. తీసుకున్నదంతా రాయాల్సిందేనని ఆంధ్రప్రదేశ్ పట్టు.

టీఎంసీల కోసం ఇంత కొట్టుకునేవాళ్లు, ఆ 80 శాతం ఏ రూపంలో తిరిగొస్తోందో మాత్రం అడగరు. వచ్చేది మూసీలో, మురుగై.

నీళ్లు ఎత్తేది నల్లగొండ జిల్లా పుట్టంగండి దగ్గర. అక్కంపల్లి రిజర్వాయరు, కోదండాపూర్‌లో శుద్ధి, అక్కణ్నుంచి నగరం. వాడాక అవే నీళ్లు మూసీలో పడి మళ్లీ నల్లగొండ, సూర్యాపేటల మీదుగానే వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి. దారిలో కత్తువలు (నీళ్లు మళ్లించే చిన్న ఆనకట్టలు), కాలువలు, మూసీ ప్రాజెక్టు. ఆ నీళ్లతో వరి వేస్తే యూరియా చల్లకపోయినా పైరు ఏపుగా లేస్తుంది. నత్రజని ఎక్కువై గింజ సరిగా కట్టదు, గాలికి పడిపోతుంది. అందుకే నగరం దిగువన చాలామంది వరి మానేసి పశువుల గడ్డికి మళ్లారు. ఫ్లోరైడ్‌తో నడుములు వంగిన జిల్లా మంచినీళ్లు పైకి పంపి మురుగు దించుకుంటోంది!

కొలుద్దామంటే అదో చిక్కు. దామరచర్ల దగ్గర కేంద్ర జలసంఘం మూసీని కొలుస్తుంది గానీ, ఆ అంకెలో వాననీరూ ఉంటుంది, సింగూరు, ఎల్లంపల్లి నుంచి తెచ్చిన గోదావరి నీళ్ల మురుగూ ఉంటుంది. అందులో కృష్ణా నీళ్లెన్నో విడదీసేదెలా? పైపు పగిలి భూమిలో ఇంకినవి, శివార్లలో సెప్టిక్ ట్యాంకుల పాలైనవి కూడా కాగితం మీద "తిరిగొచ్చినవే".

ఇక కరెంటు. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. నగరం 500 మీటర్ల పైన. వెయ్యి లీటర్లను వంద మీటర్లు ఎత్తాలంటే, పంపు, మోటారు కలిపి 70 శాతం సామర్థ్యంతో నడిచినా 0.39 యూనిట్లు. 320 మీటర్లకు ఒకటింపావు యూనిట్. పైపుల్లో రాపిడి అదనం. నగరంలో ఇంటింటికీ నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం వెనక ఇంటికి కనీసం పాతిక యూనిట్లున్నాయన్నమాట. ఉచితం తప్పనను. అంత ఖర్చుతో తెచ్చిన నీళ్లను ఒక్కసారి వాడి మురుగ్గా వదిలేయడం తప్పు.

మూడు దశల నీళ్లు రోజుకు 1,227 మిలియన్ లీటర్లు, అందులో 80 శాతం 980. పాత ఎస్టీపీల్లో (మురుగు శుద్ధి ప్లాంట్లలో) పెద్దవైన అంబర్‌పేట, నాగోల్ కలిపి 511. తర్వాత కొత్తవి మంజూరయ్యాయి, మంచిదే. కానీ ఎస్టీపీ సామర్థ్యం వేరు, అక్కడికి చేరే మురుగు వేరు. మెయిన్ లైన్‌కు కలవని కాలనీ మురుగు నేరుగా నాలాలోకే. గట్టి వాన పడితే ప్లాంటు పట్టలేనిదంతా బైపాస్‌లో మూసీలోకే.

కాబట్టి తెలంగాణకు 80 శాతం మినహాయింపు ఇవ్వండి, శుద్ధి చేసి వదిలిన నీళ్లకు మాత్రమే. ఎస్టీపీ బయటి తూము దగ్గర మీటరు పెట్టి, రోజువారీ రీడింగ్ రెండు రాష్ట్రాల నీటి లెక్కలు చూసే కృష్ణా బోర్డుకు పంపాలి. బైపాస్ తెరిచిన రోజు ఆ నీళ్లన్నీ వాడకం కిందే రాయాలి.